నిమిషం వెనక

గనిలో చిక్కుకున్న ఐదుగురిని ఒక్కొక్కరినే తొట్టిలో పైకి తెస్తున్నారు. గని ఉన్న ఊళ్ళో చెల్లెలు టీవీలో చూస్తోంది. ఆ చానెల్ రానంత దూరాన అక్క కంప్యూటర్‌లో చూస్తోంది. ఇద్దరి మధ్యా ఫోను.

“నలుగురూ బయటికొచ్చేశారు. ఇక మిగిలింది మీ బావే. సినిమా హాల్లోనూ అంతే, తెరమీద పేర్లన్నీ అయిపోయేదాకా లేవడు మహానుభావుడు. నవ్వవేమే?”

“నవ్వుతున్నానక్కా.”

“అదిగో, తొట్టిని పైకి లాగే చక్రం తిరుగుతోంది. నీకూ తిరుగుతోందా?”

“ఆఁ.”

“ముక్కు ఎగబీలుస్తున్నావెందుకు?”

“జలుబు.”

“పొద్దున లేదుగా.”

“అక్కా, కాసేపు అది కట్టెయ్యి. ఏమైందో నేను చెప్తాగా.”

“ఎందుకు కట్టెయ్యాలి? ఆగు. ఈ కంప్యూటర్‌లో బొమ్మ ఆలస్యంగా వస్తుందని పెద్దాడు చెప్పాడు. చూసేవాళ్ళ కంప్యూటర్లలోంచి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ నాదాకా వస్తుందట. నేను నీకంటే నిమిషం వెనక ఉంటానట.”

“అక్కా...”

“నీ టీవీలో తొట్టి పైకి వచ్చేసింది కదూ?”

“అదక్కా, బావ...”

“చెప్పకు. నా దాంట్లో ఇంకా చక్రం తిరుగుతూనే ఉంది.”

“నీ కాళ్ళు పట్టుకుంటానక్కా, కట్టెయ్యి. ఆయన్ని నువ్విలా చూడకూడదు.”

“నేను కట్టేస్తే, నా దగ్గర్నుంచి అందుకునేవాళ్ళకీ బొమ్మ ఆగిపోతుందే. తెర మూల చూపిస్తోంది, నా వెనక ఇంకొకరు ఉన్నారని. ఎవరో ఏమో. వాళ్ళ దగ్గర మీ బావ నాకంటే ఇంకాసేపు బతికి ఉంటాడు.”