విప్పి కుట్టిన కాలరు

అక్క చేతిలో కత్తెర పట్టు తప్పిన రోజు నుంచి, ఆ టైలరింగ్ కొట్టులో అక్కాచెల్లెళ్ళిద్దరూ దాని ఊసెత్తలేదు. ఇవాళ ఒక చొక్కా దగ్గర ఆ మాట మొదలైంది.

“ఈ కాలరు విప్పి మళ్ళీ కుట్టావు కదూ?”

“కాస్త వంకరగా ఉందక్కా.”

“నా కుట్టు నేను గుర్తుపట్టలేననుకున్నావా? జబ్బు చేతులకే, కళ్ళకు కాదు.”

“బాధపడతావని చెప్పలేదు.”

“పెద్ద డాక్టరే నా జబ్బు పేరు పుస్తకం తెరిచి చూసి చెప్పాడు. వచ్చినవాళ్ళంతా ధైర్యంగా ఉండమంటారు. నువ్వేమో దొంగచాటుగా కుడతావు. ఇక నేనెవరి దగ్గర ఏడవను?”

“మనసు డాక్టరు నంబరు అద్దానికి అంటించాను. నెలైంది.”

“చూస్తూనే ఉన్నా, రోజూ తల దువ్వుకుంటూ.”

“మరి?”

“ముందు ఇది విప్పు. నా ఎదురుగా. ఇద్దరం కలిసి కుడదాం. తర్వాత నంబరు నువ్వే నొక్కు, నా వేళ్ళు నిలవవు.”

కాలరు విప్పడం అయింది. ఫోను మాత్రం ఇంకా చేయలేదు.