రెండో వంతెన

సభాధ్యక్షులైన ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, కుర్చీలు చాలక కిటికీ గూళ్లలో సర్దుకున్న మిత్రులకు, ఎంత పిలిచినా ముందుకు రానని చివరి వరసలో తలుపు పక్క నుంచే చేయూపిన మా అమ్మకు, అందరికన్నా మిన్నగా ఈ వేళ పదవీ విరమణ చేస్తున్న మా భూగోళం మాస్టారికి నమస్కారం. మాస్టారూ, మీరు గడియారం చూడనక్కర్లేదు. నాకిచ్చింది పది నిమిషాలేనని నాకు తెలుసు. ఇచ్చిన సమయంలో ముగించిన చరిత్ర నాకు లేదని మీకూ తెలుసు. (నవ్వులు)

నన్ను మాట్లాడమన్నది నేను బాగా వాదిస్తానని. మూడేళ్లుగా ఈ కాలేజీలో నేను చేసింది అదే. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని రుజువు చేసి, కుందేలు చేత కూడా ఔననిపించి, కప్పు చేత పట్టుకుని ఇంటికి పోయాను. ఈ రోజు గెలవడానికి రాలేదు. ఆ నాలుగో కాలు ఎక్కడుందో ఒప్పుకోవడానికి వచ్చాను.

కొత్తగా చేరినవారి కోసం చెబుతాను. మాస్టారు వారమంతా క్లాసులో నదులూ గాలులూ పాఠం చెప్పి, శనివారం మధ్యాహ్నం పై అంతస్తు గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి సినిమా క్లబ్బు నడిపేవారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు. చూపిన ప్రతి సినిమా మీదా మెట్ల దగ్గరి గోడపత్రికలో ఒక సమీక్ష రాసేవారు, ఆ సమీక్ష పక్కనే చేత్తో గీసిన ఒక పటం అంటించేవారు: నాయిక ఇల్లెక్కడ, ఆమె పనిచేసే చోటు ఎక్కడ, రెంటి మధ్యా దారి ఎటు. అందుకే ఆయన మనకు పటం మాస్టారయ్యారు. కథ మంచి పట్టు మీదున్నప్పుడు సినిమా ఆపేసి, "ఇప్పుడీ అమ్మాయి కుడికి తిరిగిందా, ఎడమకా?" అని అడిగేవారు. వెనక వరసలవాళ్లం తలలు పట్టుకునేవాళ్లం. ఒక సినిమాలో నాయకుడు ఆస్పత్రి తలుపు తోసుకుని ఏడుస్తూ పరుగెత్తి, మరుక్షణం సముద్రంలో మోకాలిలోతున నిలబడ్డాడు. గదిలో సగం మంది కన్నీళ్లు తుడుచుకుంటుంటే, చీకట్లోంచి మాస్టారి గొంతు, "ఆస్పత్రి నుంచి సముద్రానికి ఆటో మాట్లాడుకున్నాడేమో." (నవ్వులు) ఆ తర్వాత ఎవరికీ ఏడుపు రాలేదు. అది ఆయన చేసిన అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను.

అయితే ఆయన పట్టుదల వేళాకోళం కోసం కాదు. కెమెరా ఏ వీధిలో నిలబడిందో తెలియకపోతే, ఎవరి పక్కన నిలబడిందో తెలియదని ఆయన చెప్పేవారు. నగరాన్ని ఎప్పుడూ మేడల పైనుంచే చూపే సినిమా, ఆ నగరంలో నడవనక్కర్లేనివాడి సినిమా అనేవారు. సినిమాకే కాదు, విమర్శకుడికీ ఒక చిరునామా ఉంటుందని, అతడు ఏ పేటలో నిద్రలేచి ఏ దారిన హాలుకు వచ్చాడో అతడి తీర్పులో కనిపిస్తుందని అనేవారు. నేను చదివిన పుస్తకాల గర్వంతో నవ్వుకునేదాన్ని.

రెండేళ్ల కిందట ఇదే వేదిక మీద వక్తృత్వపు పోటీ. విషయం, సినిమా విమర్శకు ఊరితో పనేమిటి అన్నది. గొప్ప చిత్రం ఎక్కడైనా గొప్పదేనని, దారులు తెలిస్తే తప్ప పలకలేనివాడు విమర్శకుడు కాడనీ వాదించి, అంతటితో ఆగక గోడపత్రిక నుంచి పీకి తెచ్చిన మాస్టారి పటాన్ని పైకెత్తి, "ఇది సమీక్ష కాదు, కొత్త పోస్ట్‌మ్యాన్‌కి పాతాయన రాసిచ్చిన చీటీ" అన్నాను. హాలు దద్దరిల్లింది. న్యాయనిర్ణేతల్లో మాస్టారు ఒకరు. నాకు పదికి తొమ్మిదిన్నర వేసింది ఆయనే. అర మార్కు ఎందుకు కోశారని నేను ఆయనతో మళ్లీ వాదించాను కూడా. (నవ్వులు)

ఆ గెలుపు మీదే నేను గోడపత్రికకు సంపాదకురాలినయ్యాను. స్థలం చాలదన్న సాకుతో పటాలు ఆపించాను. మాస్టారు కొన్నాళ్లు సమీక్ష ఒక్కటే ఇచ్చారు. తర్వాత అదీ మానేశారు.

(విరామం)

కిందటేడు క్లబ్బులో ఒక చిన్న సినిమా చూపించారు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక స్త్రీ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లడం, సినిమా చాలావరకు అంతే. అందులో ఆమె బరువైన సంచీతో ఒక మెట్ల వంతెన ఎక్కి దిగుతుంది. కాసేపటికి మళ్లీ అదే వంతెన ఎక్కుతుంది. నాకు దొంగ దొరికాడు. "ఒకే వంతెనను ఒకే మనిషి చేత ఒకే దిక్కుగా రెండుసార్లు ఎక్కించిన ఈ చిత్రంలో ఎడిటరు తాను నిద్రపోయి మనల్నీ జోకొట్టాడు" అని రాశాను. ఆ సమీక్షకు అంతర్ కళాశాలల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ సినిమా చూపించిన మర్నాడే, నేను సమీక్ష రాయకముందే, మాస్టారు చాలాకాలం తర్వాత ఒక మడత కాగితం నా చేతికిచ్చారు. మళ్లీ పటమే కదా అని విప్పకుండా సొరుగులో పడేశాను.

నాలుగు నెలల కిందట అమ్మకు మోకాలు వాచింది. మా అమ్మ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలోనే పనిచేస్తుంది. ఇంట్లో గుండీలు కుట్టడానికి రోజూ చొక్కాల సంచీ ఒకటి మోసుకొస్తుంది. ఆ సాయంత్రం సంచీ పట్టుకుందామని ఎదురెళ్లాను. మా వీధికి రెండు కొసలు. నేను పుట్టిన దగ్గర్నుంచి బడికైనా కాలేజీకైనా పడమటి కొస నుంచే బస్సెక్కాను. అమ్మ వచ్చేది తూర్పు కొస నుంచి. ఆ రోజు కూడా నేను బస్సులోనే ఫ్యాక్టరీకి చుట్టు తిరిగి వెళ్లి, అక్కడి నుంచి అమ్మతో నడిచి వస్తున్నాను. రైలు పట్టాల మీది వంతెన ఎక్కి, దిగి, ఆయాసంతో సంచీ కింద పెట్టబోయాను.

"అప్పుడే దించుతావేమే? ఇంకోటుంది" అంది అమ్మ.

తలెత్తి చూశాను. మురుగు కాలువ మీద, అదే రంగు, అదే కమ్ములు, అదే వంపు. రెండో వంతెన.

మెట్ల మీదే కూర్చుండిపోయి అమ్మకు ఆ సినిమా సంగతి చెప్పాను. అమ్మ నవ్వింది. "ఓహో, అదా! ఆ మధ్య నాలుగు రోజులు దీపాలు పెట్టి మమ్మల్ని అటు రావద్దన్నారు. మా నడక సినిమా తియ్యాలని మమ్మల్ని చుట్టూ తిప్పి నడిపించారన్నమాట. మోకాళ్లు కూడా చూపించారా?" అని అడిగింది. చూపించారమ్మా, చూపించడం తప్పని రాసి బహుమతి తెచ్చుకున్నాను అని ఆమెతో చెప్పలేకపోయాను. అమ్మా, ఇప్పుడు చెబుతున్నాను.

(విరామం)

మర్నాడు సొరుగు తీశాను. ఇదిగో, ఆ కాగితం. మొదటి వంతెన, నలభై రెండు మెట్లు. రెండో వంతెన, ముప్ఫై ఎనిమిది. పక్కన మాస్టారి చేతిరాత: "రెండూ ఒక కాంట్రాక్టరు కట్టినవే. తేడా తెలియాలంటే ఎక్కాలి." కింద ఒక చుక్కల గీత సాగి సాగి ఒక చోట ఆగింది. "సంపాదకురాలికి: చివరి చుక్క మీ వీధి."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను మా ఇంటి దారినే తప్పుగా చదివి రచ్చ గెలిచాను.

అంతకన్నా పెద్ద తప్పు, నాలుగు నెలలు నోరు విప్పకపోవడం. ఏ విషయం మీదైనా మూడు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే నాకు ఈ ఒక్క మాట పెగలలేదు. పోయిన వారం ఆయన గది ఖాళీ చేస్తుంటే వెళ్లాను. ఇకమీదట ఆ గదిలో పరీక్ష కాగితాలు దాస్తారట. ఆయన పటాలు చుట్టలు చుట్టి తాడు కడుతున్నారు. క్షమాపణ చెప్పాల్సినదాన్ని, అలవాటు కొద్దీ అభియోగం మోపాను: నేను తప్పు రాశానని తెలిసీ మీరెందుకు చెప్పలేదని.

"గీసిచ్చాను కదా లాయరమ్మా" అన్నారు. "గీశాక మళ్లీ నోటితో చెబితే పటం ఎందుకు?"

తమ్ముడుండే ఊరికి వెళ్తున్నారు కదా, అక్కడ మళ్లీ గీయమని అడిగాను. తాడు ముడి వేస్తూ అన్నారు: "ఒక ఊరి పటం చేతికి రావాలంటే పదేళ్లు నడవాలి. మోకాళ్లు నాలుగేళ్లకు మించి ఒప్పుకోమంటున్నాయి."

మిత్రులారా, నేను ఆపించింది పటాల్ని కాదు. ఆయన ఈ ఊళ్లో ఇంకా నడవగలిగిన రెండేళ్లను. అవి ఏ వాదంతోనూ తిరిగి రావు.

నేను పూర్తిగా లొంగిపోయానని ఎవరూ అనుకోవద్దు. ఈ వంతెనల్ని ఎన్నడూ చూడని దూరదేశపు ప్రేక్షకుడికి కూడా ఆ స్త్రీ అలసట అందాలి. అందకపోతే అది సినిమా తప్పే. ఈ మాట మీద మాస్టారితో రేపు బస్టాండులోనైనా వాదిస్తాను. కానీ ఆ దూరపు ప్రేక్షకుడు "నాకు తెలియదు" అనుకుని చూస్తాడు. నేను "నాకు తెలుసు" అని రాశాను. తెలియకపోవడానికి దూరం అక్కర్లేదని, వీధికి రెండో కొస ఉంటే చాలునని నాకిప్పుడు అర్థమైంది.

అందుకని ఈ సభ సాక్షిగా నా సమీక్షను వెనక్కి తీసుకుంటున్నాను. బహుమతి కప్పు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను; పంపినవారికే పంపించండి. ఈ పటాన్ని రేపు ఉదయం మెట్ల దగ్గర నా చేత్తో అంటిస్తాను. దాని పక్కన సమీక్ష ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేస్తాను. మాస్టారూ, అది మీ చోటు. మీరు రాయరని తెలిసే వదులుతున్నాను.

ఓపికగా విన్న మీకందరికీ, మైకు లాక్కోని అధ్యక్షులకు, తొమ్మిదిన్నర వేసిన గురువు గారికి కృతజ్ఞతలు. ఇంకా చెప్పాల్సింది ఉంది గానీ, చివరి వరసలో మా అమ్మ సంచీ సర్దుకుంటోంది. అది ఈ రోజు తూర్పు కొస దారిన నేను మోయాలి. దారిలో రెండు వంతెనలున్నాయి.

సెలవు.