అందినట్టు సంతకం

హలో… ఆ, నేనే అక్కా… రేవు గేటు బయటే నిలబడ్డా…

లేదు. దొరకలేదు.

…

బావ పెట్టె ఇక దొరకదక్కా. మూడు షెడ్లూ వెతికించా. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ…

— ఊఁ, వాళ్ల కాపలాలోనే పోయింది. ఓడ దిగింది, గోదాంలో పెట్టారు, పుస్తకంలో ఎక్కింది. నిన్న సాయంత్రం నేను కళ్లారా చూశా…

— అప్పటికే కౌంటరు మూసేశారు. పొద్దున రమ్మన్నారు.

కేసా?… వకీలు దగ్గరికీ వెళ్లొచ్చా. కంచే చేను మేసిందని వాదించొచ్చట. కానీ…

సరుకు గోదాంలో ఉన్నంతవరకే బాధ్యత రేవువాళ్లది. అందిందని మనం సంతకం పెట్టామంటే, ఆ క్షణం నుంచి మనదే.

…

పెట్టానక్కా.

…

పెట్టె చూడకముందే పెట్టా.

— ఎందుకంటే అందరం అలాగే పెడతాం. ముందు సంతకం, ఆ తర్వాతే షెడ్డు తాళం తీస్తారు. కాదంటే మళ్లీ లైను చివరికి పోవాలి. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల సరుకంతా ఇలాగే విడిపించా. గుండుసూది పోలేదు…

మనింటి పెట్టె పోగొట్టా.

— ఆ, షెడ్డు తెరిస్తే ఆ అర ఖాళీ. ఇదేమిటయ్యా అని గుమాస్తాని అడిగితే నా సంతకమే నాకు చూపించాడు. చెక్కుచెదరకుండా అందిందని నా చేత్తోనే రాశా కదా. కాగితం ప్రకారం పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది…

…

తిట్టక్కా. నువ్వు తిట్టకపోతే నేను ఇంటికి రాలేను.

— తిన్నా… లేదు, తినలేదు. ఇప్పుడు అదా అడిగేది?

…

బావ పోతే ఓడవాళ్లు సముద్రంలోనే సాగనంపేశారు. ఆఖరి చూపు లేదు. మనిషి గుర్తుగా నీకు రావలసింది ఆ పెట్టె ఒక్కటే. అది కూడా ఇంత దూరం వచ్చి… నా చేతుల్లో…

— ఆ, ఉన్నా. చెప్పు.

— ఎలా ఉందంటే… ఆకుపచ్చ రేకు పెట్టె. ఓ మూల సొట్ట. మూత మీద తెల్లరంగుతో పేరు, దాని కింద 'ఓడ వంటవాడు' అని… బావ రాతే. అక్షరాలన్నీ ఒక పక్కకి వాలిపోయి ఉంటాయి చూడు, అలాగే. తాళం వేసే ఉంది…

— దగ్గర్నుంచే చూశా. మధ్యలో ఇనప వల, అంతే. మూరెడు దూరం కూడా లేదు.

…

ఏమిటి?

…

లేదక్కా. ముట్టుకోలేదు.

వేళ్లు దూరేవే… దూర్చలేదు. సంతకం కాకుండా సరుకు మీద చెయ్యి వేయకూడదు, అది మా పనిలో అలవాటు… పొద్దున ఎలాగూ భుజాన వేసుకుని నీ దగ్గరికి తెచ్చేది నేనే కదా అనుకున్నా…

…

అక్కా?

…

అక్కా, ఏడువు. ఏడువు గానీ ఫోను పెట్టేయకు… కాసేపు అలాగే—