నడిమి గోడలో వైరు

చిక్కడపల్లిలో అన్నదమ్ములు పంచుకున్న ఇంటి నడిమి గోడకు బెజ్జం కొట్టి, కంప్యూటర్ల షాపు నుంచి వచ్చిన అమ్మాయి రెండు వాటాల కంప్యూటర్లనూ వైరుతో కలిపింది. అన్న ఆమె పక్కకు కుర్చీ జరుపుకున్నాడు.

“పాస్‌వర్డ్ ఏం పెట్టాలె సార్?”

“ఏం వద్దమ్మా. పెడితే తమ్మునికి చెప్పాలె గద. మాకు మాటల్లేవు.”

“మరి పెండ్లి కార్డుల పని కలిసి ఎట్ల చేస్తుండ్రు?”

“టైపు వాడు కొడ్తడు, ప్రింటు నేను తీస్త. ఇన్నొద్దులు ఫ్లాపీలు అమ్మ తెచ్చేది. ఇప్పుడు మోకాళ్లు నొస్తున్నయంటున్నది.”

“పాస్‌వర్డ్ లేకుంటే ఒకరి ఫైళ్లు ఒకరు మార్చొచ్చు సార్. చెరిపెయ్యొచ్చు గూడ.”

“వాడు చెరిపేటోడు కాదు.”

“గోడవతల ఆయన గూడ మీ గురించి గిదే మాటన్నడు. జర ఆయన ఫోల్డర్ తెరిచి చూడుండ్రి.”

అన్న తెరిచి, మొదటి ఫైలు దగ్గరే ఆగిపోయాడు.

“ఏమైంది సార్? వస్తలేదా?”

“వచ్చింది. తమ్ముని బిడ్డ పెండ్లి కార్డు. ఆహ్వానించేవాళ్లల్ల వాని పేరు రెండో లైన్ల ఉన్నది. మొదటి లైను ఖాళీగ ఒదిలిండు.”

“అక్కడ ఎవరి పేరు రావాలె?”

“ఇంటికి పెద్దోనిది.”

“అయితే కొట్టుండ్రి సార్. పాస్‌వర్డ్ అడగదు.”

ఇన్నేళ్లుగా ఊరందరి కార్డులూ అచ్చువేసిన మనిషి, తన పేరులోని మొదటి అక్షరం ఏ మీట మీదుందో వెతుకుతూ కూర్చున్నాడు.