చిల్లు లేని చక్రాలు

టీచరమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చుంటోంది, లేస్తోంది, మళ్లీ కూర్చుంటోంది. పాతకార్ల ప్రదర్శనకి మూడేళ్లు దరఖాస్తు పెడితే ఈసారి పేరొచ్చింది. నాలుగింటికల్లా కారు మైదానం గేటు దాటకపోతే వెనక్కి పంపేస్తారు. ఇప్పుడు రెండున్నర. కారేమో ఎదుటి షెడ్డులో జాకీల మీద ఉంది. టైర్లు ఎక్కించడానికి టైర్లాయన సిద్ధం. మెరుగుపెట్టిన నాలుగు అల్లాయ్ చక్రాలూ వ్యానులో ఉన్నాయి. పైపూత ఇంకా ఆరలేదని, దుమ్ము పడుతుందని, పెయింటరు వ్యాను తలుపు తీయనివ్వడం లేదు. ఆరేలోగా టీ తాగుతూ మొదలెట్టాడు.

"పెద్ద పనేం కాదమ్మా. ఒక చక్రం అంచున గీత పడింది, గట్టుకి రాసుకుని. ఎవడైనా చేస్తాడు. ఎనభై నంబరు గరుకు కాగితంతో రుద్దాను, తర్వాత రెండొందలు, తర్వాత రెండు వేలు. అందరూ అక్కడ ఆపేస్తారు. నేను ఆపుతానా? పదివేలది తీశాను. ఎంత మెత్తనిదంటే చేతిలో ఉందో లేదో తెలీదు. ఒక పూటంతా కాగితం లేకుండానే రుద్దేశాను, చూసుకోలేదు."

"అలా చెప్పు," అన్నాడు టైర్లాయన. ఆయన పెయింటరుకి అక్క మొగుడు. ఈ కోతలు ఆయనకి కొత్త కాదు.

"టైమెంతైంది?" అంది టీచరమ్మ.

"ఆరుతోందమ్మా, ఆరుతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక కాకి వచ్చి చక్రంలో తన మొహం చూసుకుని, ఇంకో కాకి అనుకుని తగువు పెట్టుకుంది. గంటసేపు పొడిచి పొడిచి, చివరికి రాజీపడి రెండూ కలిసి ఎగిరిపోయాయి."

"రెండూనా?" టీ కొట్టావిడ గరిటె ఆపింది.

"లెక్కపెట్టాను కదక్కా! రెండో చక్రం ఎండలో పెట్టానా, ఆ మెరుపుకి ఎదురు మేడ మీద తడిబట్టలు ఐదు నిమిషాల్లో ఆరిపోయాయి. పదో నిమిషానికి ఇస్త్రీ కూడా అయిపోయింది. ఆ ఇంటావిడ పరిగెత్తుకొచ్చి, రేపు కూడా పెట్టు తమ్ముడూ, పట్టుచీరలున్నాయి అంది."

"ఇటు తిప్పకపోయావా, నాకు గ్యాసు మిగిలేది."

టీచరమ్మ వ్యాను దాకా వెళ్లి తిరిగొచ్చింది. రెండు నలభై అయిదు.

"ముట్టుకోకండమ్మా! మూడో చక్రం ఇరుసుకి తగిలించి చిటికెనవేలితో ఇలా అన్నానంతే, తిరగడం మొదలెట్టింది. భోంచేశాను, తిరుగుతోంది. అత్తారింటికెళ్లి నాలుగు రోజులుండి వచ్చాను, తిరుగుతూనే ఉంది! ఆ గాలికి మా వీధిలో ఫ్యాన్లన్నీ ఆపేసుకున్నారు. దాన్ని ఆపడం నావల్ల కాలేదు బావా, బతిమాలుకున్నాను. అయినా ఇవన్నీ ఒకెత్తు. నలభై ఏళ్ల చక్రాలాయె, ఒళ్లంతా గుంటలూ చిల్లులూ. నట్లు దూరే కంతలూ, నడిమి కంతా వదిలేసి, సందు కనిపిస్తే చాలు లప్పం పెట్టి పూడ్చేశాను, ముందూ వెనకా. చీమ ఎక్కితే జారి పడాల్సిందే. నాలుగింట్లో ఒక్క చిల్లు చూపించండి, మీసం తీసేస్తాను!"

టైర్లాయన గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు."

"అంచు దగ్గర, చిటికెనవేలు పట్టేంతది, చక్రానికొకటి ఉండాలే."

"ముందు పూడ్చింది దాన్నే బావా! ఎవడు చేశాడో గానీ, నాలుగింటికీ సరిగ్గా ఒకే చోట పొడిచాడు, పనిలేని వెధవ."

"నేను గాలి కొట్టేది అందులోంచే."

"గాలి అక్కర్లేని చక్రం..." అని పెయింటరు ఎత్తుకున్నాడు గానీ టీచరమ్మ అప్పటికే వ్యాను తలుపు బార్లా తీసేసింది.

టైర్లాయన షెడ్డులోంచి డ్రిల్లు తెచ్చాడు. "ఎక్కడ?"

పెయింటరు చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని అంచు వెంట వేలు పోనిచ్చాడు. ఒక చుట్టు తిప్పాడు. ఇంకో చుట్టు. వెనక్కి తిప్పి తడిమాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. తన మొహమే కనిపించింది.

"బావా," అన్నాడు గొంతు తగ్గించి, "దొరకడం లేదు. నిజంగానే ఆనవాలు లేకుండా పూడ్చేశాను."

టీచరమ్మ గడియారం చూసుకుంది.

"ఇందాకట్నుంచీ చెప్పినవాటిలో ఒక్కటైనా నిజమైతే బాగుండనుకున్నాను," అంది. "ఇదా నిజమవ్వాల్సింది?"