ఎర్ర ఓడ వెనక లంగరు

ఎదురుగా హాల్లో స్టాంపుల ప్రదర్శన జరుగుతుంటే, అటు అడుగు వెయ్యకుండా పొద్దుటి నుంచీ నా టీకొట్టు బెంచీకి అతుక్కుపోయారు భూతద్దంగారు. మెడలో తాడుకి ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంటుంది కాబట్టి అందరికీ ఆయన భూతద్దంగారే. పోస్టాఫీసులో పార్శిళ్ళు తూచి తూచి రిటైరయ్యారు. స్టాంపులు పోగేసేవాళ్ళలో తన తర్వాతే ఎవరైనా అని ఆయన నమ్మకం. మొన్నటిదాకా ఆ నమ్మకానికి ఏ ఢోకా లేదు. మొన్న హాలు గుమ్మం మీద ఆయన తోడల్లుడి ఫొటో పెట్టారు.

ఆ తోడల్లుడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు. ఆయన తెచ్చిన ఎర్ర ఓడ స్టాంపు చూడటానికి జనం మెట్ల దాకా వరస కట్టారు. భూతద్దంగారి భార్య కూడా చెల్లెలి చెయ్యి పట్టుకుని ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయింది. ఈయన మాత్రం మోకాలి నొప్పంటూ ఇక్కడ కూలబడ్డారు.

"ఒక్క స్టాంపుకి ఇంత జనమేంటండీ?" అన్నాడు టాక్సీ డ్రైవరు, నా చేతిలోంచి గ్లాసు అందుకుంటూ. పక్కనే మా వీధి దర్జీ ఉన్నాడు. ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నట్టు భూతద్దంగారు ఇటు తిరిగారు.

"చెప్తా, కూర్చో. ఆ ఎర్ర ఓడ అనేది అడ్డమైన ప్రతివాడి ఆల్బంలోనూ ఉంటుంది, బొమ్మలో ఏం లేదు, సంగతంతా కాగితంలో ఉంది. కాగితం తడిగా ఉన్నప్పుడే మిల్లువాళ్ళు తీగతో ఓ గుర్తు నొక్కుతారు, దాన్ని వాటర్‌మార్కు అంటారు, ఆరిపోయాక అది కంటికి ఆనదు. స్టాంపుని నల్లటి పళ్ళెంలో బోర్లా వేసి రెండు చుక్కలు బెంజీన్ వేస్తే అప్పుడు తేలుతుంది. ఈ ఓడకి నక్షత్రం ఉండాలి. మావాడి దానికి లంగరుంది. ఏదో పొరపాటున వేరే కాగితం మీద అచ్చయింది. అలాంటిది ఇంకోటి లేదంటున్నారు, అంటే అననీ. అసలు వాడికి వాటర్‌మార్కు అనే మాట నేర్పిందెవరు? పెళ్ళైన కొత్తలో వాడు స్టాంపుని చెమట వేళ్ళతో పట్టుకునేవాడు. పట్టకారు చేతిలో పెట్టింది నేను."

"అయితే గురువుగారు మీరేనన్నమాట," అన్నాడు దర్జీ.

"నేననకూడదుగానీ, అంతే. వాడికి బెంజీన్ కావాలి, పళ్ళెం కావాలి, దీపం కావాలి. ఆస్పత్రి బుద్ధి, మిషనుంటే తప్ప లోపలేముందో తెలీదు. నాకవేవీ అక్కర్లేదు. కిటికీ దగ్గర ఇలా ఎత్తి పట్టుకుంటే చాలు, కిరీటమో నక్షత్రమో చెప్పేసేవాణ్ణి. ఆ తర్వాత కిటికీ కూడా మానేశాను. ఎందుకో తెలుసా? పార్శిళ్ళు తూచిన చెయ్యి నాది. వాటర్‌మార్కు ఉన్నచోట కాగితం పలచన, పలచనైతే బరువు తక్కువ. స్టాంపు అరచేతిలో వేసుకుంటే నక్షత్రం ఎంత తేలికో, కిరీటం ఎంత తేలికో చెయ్యే చెప్పేది."

"స్టాంపులో బరువు తేడానా?" అన్నాడు డ్రైవరు.

"నీకు తెలీదులే. మా ఆఫీసులో త్రాసు పాడైతే నా అరచేతిని చూసి ముల్లు సరిచేసేవాళ్ళు."

అప్పుడే హాల్లోంచి ఓ పెద్దాయన మెల్లగా రోడ్డు దాటి వచ్చారు. భూతద్దంగారి మామగారు ఆయన. ఈయన హాలుకి వీపు పెట్టి కూర్చున్నారు కాబట్టి చూడలేదు. నేను గ్లాసు పట్టుకుని నోరు తెరవబోతే, పెద్దాయన వద్దన్నట్టు చెయ్యూపి వెనక బెంచీ మీద కూర్చున్నారు.

"ఇంకా విను," అంటున్నారు భూతద్దంగారు. "ఓసారి నా కళ్ళకి గంతలు కట్టారు. నేను స్టాంపుని గాలికి పట్టాను. ఆ పలచటి చోటు గుండా గాలి దూరిపోతూ ఈల వేస్తుంది, నక్షత్రానికి ఓ రకం, కిరీటానికి ఓ రకం. పట్టిన ప్రతిదీ చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాగితం మిల్లు యజమాని కారు పంపించాడు. మిల్లు గేటు దగ్గర కారు దిగానో లేదో, లోపల ఏ చుట్టలో గుర్తు వంకర పోయిందో గోడ అవతలి నుంచే చెప్పాను. మిషను ఆపారు, చుట్ట విప్పారు, చూస్తే వంకర. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, అయ్యా, మీరిటు రాకండి, మీరు వస్తున్నారంటే పనివాళ్ళు బెదిరిపోయి ఉన్న గుర్తు కూడా సరిగ్గా వెయ్యలేకపోతున్నారు అన్నాడు."

"పాపం," అన్నాడు దర్జీ, నవ్వు గ్లాసులో దాచుకుంటూ.

"నవ్వకు. నీ చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం ఉంది, దాని లోపల ఏనుగు గుర్తుంది."

దర్జీ తీసి చూశాడు. అది నిన్నటి సినిమా టికెట్టు.

"ఇప్పుడు కనపడదు, ఎండ తగిలింది," అన్నారు భూతద్దంగారు. హాలు వైపు నుంచి చప్పట్లు వినపడ్డాయి. ఆయన అటు తిరక్కుండానే చెయ్యి విసిరారు. "కొట్టండి, బాగా కొట్టండి. మా ఆవిడ కూడా కొడుతుంటుంది. అసలు నిజం చెప్పమంటారా? ఆ స్టాంపు నాది. ఏళ్ళ తరబడి నా ఆల్బంలో ఉంది. రోజూ తెరిచి దానికేసి చూసేవాణ్ణి, నా చూపు సంగతి మీకు తెలుసుగా, అంత తదేకంగా చూస్తే కాగితం ఊరుకుంటుందా? చూడగా చూడగా నా చూపు దిగబడిపోయి లోపల గుర్తు పడిపోయింది. ఆ లంగరు మిల్లువాళ్ళు వేసింది కాదు. నా చూపు వేసింది."

డ్రైవరు టీ తాగడం మానేశాడు.

"మీరు చూసింది ఓడని కదా అల్లుడుగారూ," అన్నారు పెద్దాయన వెనక నుంచి, చాలా మర్యాదగా. "లంగరు వెనకవైపు ఉంది."

భూతద్దంగారు గిరుక్కున తిరిగారు. "మామయ్యగారా, మీరెప్పుడొచ్చారు?"

"మీరు త్రాసు సంగతి చెప్తున్నప్పుడు వచ్చాను." పెద్దాయన మావైపు చూశారు. "ఆ స్టాంపు ఈయనదే, అది మాత్రం నిజం. మా ఇంట్లో పాత కవర్ల మీదవి అల్లుళ్ళిద్దరికీ పంచాను. మా చిన్నల్లుడు అన్నీ విడిగా దాచుకున్నాడు. ఈయన పిండి బంక రాసి, పేజీకి గట్టిగా అంటించేశారు. ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. పోయిన పండక్కి చిన్నాయన దగ్గర మూడు మూలల చిలక స్టాంపు చూసి ముచ్చటపడ్డారు. ఎర్ర ఓడ ఇస్తాను, చిలకనివ్వు అన్నారు. పేజీ ముక్క కత్తిరించి మరీ ఇచ్చారు. వాణ్ణి ఎలా బుట్టలో వేశానో చూశారా అని నాతో చెప్పుకుని మురిసిపోయింది కూడా ఈయనే. చిన్నాయన ఆ బంక వదలడానికి స్టాంపుని నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, పళ్ళెంలో వేసి చూస్తే లంగరు తేలింది."

దర్జీ నేల చూపులు చూస్తున్నాడు. భూతద్దంగారి మొహంలో రక్తం లేదు. "వాడు చెప్పాడా లోపల? నేనిచ్చిందని?" అన్నారు.

"అందరికీ చెప్తున్నాడు. వచ్చినవాళ్ళందరితో మా అన్నయ్యగారిచ్చారు అంటున్నాడు. మార్చుకున్న సంగతి ఎత్తలేదు. గుమ్మం దగ్గరే నిలబడి మీరొచ్చారా అని మీ ఆవిణ్ణి అడుగుతున్నాడు."

తిట్టినా ఆయనకి అంత బాధ ఉండేది కాదనుకుంటా. గ్లాసు కింద పెట్టారు. "నేనొచ్చి అక్కడ ఏం చెయ్యాలి?"

"ఏం లేదు. చూడాలి," అన్నారు మామగారు.

హాల్లో వాళ్ళకి టీ ఇవ్వాల్సి ఉండి నేనూ వెనకే వెళ్ళాను. భూతద్దంగారు అందరిలాగే వరసలో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చాక, కింద దీపం పెట్టి స్టాంపుని బోర్లా ఉంచిన అద్దం పెట్టె మీదికి వంగి, కళ్ళు చికిలించి, అటు తిరిగి ఇటు తిరిగి చూశారు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ తోడల్లుణ్ణి, ఎవరికీ వినపడకుండా, "ఎక్కడుందోయ్?" అని అడిగారు.

తోడల్లుడు వేలితో అద్దం మీద మెల్లగా గీసి చూపించారు. కింద కొక్కెం, పైన ఉంగరం.

భూతద్దంగారు చాలాసేపు చూశారు. వెనక జనం గొణుగుతున్నారు. చివరికి నడుం నిటారు చేసి, "నా దగ్గరున్నప్పుడు ఇంకా స్పష్టంగా ఉండేది," అన్నారు.

"ఉండే ఉంటుంది అన్నయ్యగారూ," అన్నారు తోడల్లుడు.