తోలు లేని జోళ్ళు

"అమ్మమ్మా, నువ్వు ఆసుపత్రిలో చెప్పులు కుట్టేదానివంట, అమ్మ చెప్పింది. నిజమేనా?"

నిజమేనా అని అడుగుతావేంటే? ఇదిగో, ఈ వేలు చూడు, సూది తగిలి తగిలి ఎట్టా కాయ కాసిందో. మీ తాతయ్యా నేనూ ఇద్దరం కుట్టేవాళ్ళం. డెబ్బైల్లో మాట, బెజవాడ పటమటలో కాపురం. మీ అమ్మ అప్పటికింకా పుట్టలా... కాదు కాదు, పుట్టింది, ఉయ్యాల్లో ఉంది. మిషనాసుపత్రి వెనకాల రేకుల షెడ్డులో మా పని. షుగరు జబ్బోళ్ళకి చెప్పులు. షుగరు ముదిరితే కాళ్ళకి స్పర్శ పోద్ది గదా, ముల్లు దిగినా తెలవదు, నిప్పు తొక్కినా తెలవదు. అందుకని పైన మెత్తటి రబ్బరు, కింద టైరు ముక్క, పట్టీలు తోలువి. మేకులు కొట్టకూడదు, బంకా దారమే. వేళ్ళ మధ్యన పట్టీ ఉండకూడదు, ఒరుసుకుపోద్ది. మడమ వెనక మాత్రం ఉండాల్సిందే. లేకపోతే చెప్పు జారిపోయినా తెలవక ఒట్టి కాలితో నడుచుకుంటా పోతారు.

కంకిపాడు నుంచి సుందరమ్మగారని ఒకావిడ వచ్చేది. వ్యవసాయం, పాడి, ఇంటినిండా జనం, అందరికీ ఆవిడే వండి వార్చాలి. అరికాల్లో పుండు పడి, నెలల తరబడి మంచంలో ఉండి మానిపించుకుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది, "మళ్ళీ పుండు పడితే ఈసారి కాలు తీసెయ్యాల్సి వస్తదండీ" అని. పాపం, ఆవిడ ఏడ్చేసింది. మేం కాలు తడిపి గచ్చు మీద అచ్చు వేయించి, బరువెక్కడ పడుతుందో చూసి, అక్కడ రబ్బరు గుంటగా చెక్కి ఇచ్చాం. మొగుణ్ణి పొగడకూడదు గానీ, మీ తాతయ్య పనంటే పనేలే.

కొన్నాళ్ళకి చూపించుకోటానికొచ్చింది. మడమ ఎర్రగా కందిపోయి ఉంది. చెప్పులు చూస్తే పెళ్ళికూతురి చెప్పుల్లాగా నిగనిగలాడతన్నయ్, మట్టన్నా అంటలా. నాకు ఒళ్ళు మండింది. "ఏందమ్మగారూ, తొడుక్కోవట్లేదా?" అన్నా. "ఎందుకు తొడుక్కోనూ? పేరంటానికెళ్ళినా, బెజవాడొచ్చినా ఇవేగా. ఇంటికెళ్ళగానే శుభ్రంగా తుడిచి బీరువా కింద పెట్టుకుంటా" అంది. మరి ఇంట్లోనో అంటే, చెవులు మూసుకున్నంత పని చేసింది. "ఇంట్లో చెప్పులేంటి రూతమ్మా? వంటింట్లో తోలు తొక్కుకుంటా తిరిగితే మా అత్తగారు బతకనిస్తారా?"

అదీ సంగతి. ఆవిడ వీధి మొహం చూసేది ఎప్పుడో ఒకసారి. పొద్దస్తమానం పొయ్యి దగ్గరా, దొడ్లో గేదెల దగ్గరా తిరుగుడే. ప్రమాదమంతా ఇంట్లో, చెప్పులేమో బీరువా కింద. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

మీ తాతయ్యకి చెబితే, "తోలే గదా వాళ్ళ బాధ, తోలు తీసేద్దాం" అన్నాడు. తీసేసి పట్టీలకేం పెడతావయ్యా, ఉత్త గుడ్డ సాగిపోద్ది గదా అన్నా. చివరికి నవారు పెట్టాం. నవారంటే మంచానికల్లేదిలే, నువ్వెక్కడ చూస్తావు, ఇప్పుడన్నీ పరుపులాయె. దాన్ని మెత్తబడేదాకా ఉతికి, లోపలివైపు మఖమలు గుడ్డ వేసి కుట్టా.

నేనే తీసుకెళ్ళా. బస్సు టిక్కెట్టు పైసల్లోనే, అయినా మాకప్పుడు అదీ బరువే. నన్ను అరుగు మీద కూర్చోమన్నారు. మనవాళ్ళని అంతకన్నా లోపలికి రానిచ్చేవాళ్ళు కాదులే ఆ రోజుల్లో. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "చెప్పులు ఈ గడప దాటవు" అంది. "తోలు ముక్కన్నా లేదండీ, రబ్బరూ నవారూనండీ" అన్నా. నమ్మలా. పసుపునీళ్ళు చల్లించి, ఒకటి చేత్తో తీసి, వాసన చూసింది. తిప్పి మళ్ళీ చూసింది. నవ్వితే కొంప మునుగుద్దని నేను నేల చూపులు చూస్తన్నా.

"అమ్మగారూ, మీ కోడలికి ఈ కాలు పోతే మళ్ళీ రాదండీ" అన్నా, ధైర్యం చేసి. పెద్దావిడ పట్టీని వేళ్ళతో నలిపి చూసింది. "రోజూ నవారు మంచం మీదే గదా పడుకుంటన్నాం" అని తనలో తనే గొణుక్కుని, "తొడుక్కోవే" అంది.

సుందరమ్మగారు గడప దాటింది. వంటింట్లోకెళ్ళింది, దొడ్లోకెళ్ళింది, మళ్ళీ వచ్చింది. మొహం చేటంతయింది. పెద్దావిడ చూసి చూసి, "ఏదీ, ఇటు విప్పు" అంది. ఒకరివి ఒకరు తొడగకూడదండీ అంటన్నా వినదే. తొడుక్కుని లోపలికెళ్ళింది, ఎంతకీ బయటికి రాదు. మేమిద్దరం అరుగు మీద చీర కొంగులు నోట్లో కుక్కుకుని ఒకటే నవ్వు.

ఆఖరికి వంటింట్లోంచి పిలుపు, "రూతమ్మా, లోపలికి రా. నాకూ ఒక జత కావాలి, కొలత తీసుకో" అని.

వెళ్ళా. వంటింటి గచ్చు మీద కూర్చుని, ఆవిడ కాలు చేత్తో పట్టుకుని, బొగ్గుతో చుట్టూ గీత గీశా. ఎంత సంతోషమేసిందో ఇప్పటికీ చెప్పలేనే. సుందరమ్మగారైతే చివరిదాకా తన రెండు కాళ్ళ మీదే తిరిగింది, మనవళ్ళని చంకనేసుకుని...

నువ్వు చల్లగా ఉండాలి తల్లీ. నీ కాలు ఎవరి గడప దగ్గరా ఆగకూడదు. ప్రభువు నిన్ను అట్టా నడిపించాలి.